గోవాలో క్యూ, ఆత్రేయపురంలో కుండ

రావులపాలెం,
డిసెంబరు మొదటి ఆదివారం.

ఒరేయ్ చంటీ,

ఎలా ఉన్నావురా? అక్కడ చలి మొదలైందటగా, మీ అమ్మ చెప్పింది. ఇక్కడ కోతలు సగం అయ్యాయి. మిగతా సగం మీద మబ్బేసుకుని కూచుంది. నాన్న పొద్దున లేచింది మొదలు ఆకాశం కేసే చూస్తున్నాడు.

మొన్న ఫోన్లో "గోవా సముద్రం ఎలా ఉందిరా" అని అడిగితే నీళ్లు నమిలాను చూడు, ఎందుకో చెప్తా. అయిదు రోజులున్నాను, సముద్రం చూళ్లేదు. తిట్టుకో. నువ్వు డబ్బులు పంపింది ఫిల్మ్ ఫెస్టివల్‌కి గానీ బీచికి కాదుగా! అయిదు రోజులదీ రాస్తే నీకు చదివే ఓపికుండదు, నాకు రాసే ఓపికుండదు. మొదటి రోజు సంగతొక్కటీ విను.

బెజవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. క్యాజిల్ రాక్ స్టేషన్ దాటాక రైలు ఘాట్ దిగుతుంటే దూద్‌సాగర్ జలపాతం పట్టాల పక్కనే ఉంటుంది. జనమంతా తలుపుల దగ్గరికి పరిగెత్తారు. నేను మాత్రం ఫోన్ పైకెత్తి సిగ్నల్ కోసం వెతుక్కుంటున్నాను. మర్నాటి సినిమాలకి సీట్లు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఆ కొండల్లో ఒక్క గీత వస్తే ఒట్టు! మడ్గావ్‌లో దిగి చూసేసరికి నేను రాసిపెట్టుకున్న నాలుగు సినిమాలూ ఫుల్. జలపాతమూ పోయింది, టికెట్లూ పోయాయి.

పండుగ నవంబరు 20 నుంచి 28 దాకా. మొదటి రోజు ప్రారంభోత్సవం గనక నా లెక్కలో అసలు రోజు 21. పొద్దున్నే పణజీలో మెళ్లో కార్డు తగిలించుకుని బయల్దేరాను. మాండవి ఒడ్డున రోడ్డు, పోర్చుగీసుల కాలం నాటి పాత మెడికల్ కాలేజీ భవనం, దాని ఆవరణలోనే మల్టీప్లెక్సు. రోగుల కోసం కట్టిన వరండాల్లో సినిమా పిచ్చోళ్లు తిరుగుతున్నారు. అదీ ఒక రకం వార్డేలే.

టికెట్ లేనివాళ్లకి రష్ లైన్ అని ఒక క్యూ ఉంది. బుక్ చేసుకుని రానివాళ్ల సీట్లు మిగిల్తే, ఆట మొదలయ్యే ముందు మనల్ని వదుల్తారు. మిగలకపోతే నమస్కారం. మొదటి సినిమాకి గంటంపావు నిలబడ్డాను. నాకు ముందున్న ముగ్గురి దగ్గర ఆపేశారు. రెండోదానికి తెలివి తెచ్చుకుని రెండు గంటల ముందే వెళ్లాను.

అక్కడ తగిలాడురా మాస్టారు. తిరువనంతపురం, రిటైరైన టీచరు. చేతిలో ప్రోగ్రాం పుస్తకం, అందులో మూడు రంగుల పెన్నులతో గీతలు. ఇది చూసుకుని మళ్లీ డిసెంబర్లో వాళ్ల ఊళ్లో జరిగే ఫెస్టివల్‌కి తయారవుతాడట. "మీ వైపు సినిమా పిచ్చి ఎక్కువ కదా, మరి మీవాళ్లెవరూ కనపడరేం?" అన్నాడు. ఎక్కడో కాలింది. మేమేం తక్కువ తిన్లేదండీ, 1952 జనవరిలో బొంబాయిలో ఈ పండుగ మొట్టమొదటిసారి జరిగినప్పుడు మన దేశం తరఫున వేసిన వాటిలో 'పాతాళభైరవి' ఉంది అన్నాను. అంతటితో ఆగానా! కుమారదేవంలో గోదారి గట్టున సినిమా చెట్టుండేదనీ, 300 దాకా సినిమాల్లో కనపడిందనీ, 2024 ఆగస్టులో కూలిపోయిందనీ కూడా చెప్పాను. పాపం ఆయన ఎవరో చుట్టం పోయినట్టు "అయ్యో" అన్నాడు.

ఇంక ఊరుకుంటే బాగుండదని సంచిలోంచి అత్త కట్టిచ్చిన పూతరేకుల డబ్బా తీశాను. మాస్టారు ఒకటి అందుకుని, శ్రద్ధగా పొర తర్వాత పొర విప్పి పక్కన పెట్టడం మొదలెట్టాడు. లోపల మిఠాయి కోసం వెతుకుతున్నాడురా! "అది కాగితం కాదండీ, బియ్యం" అన్నాను. అప్పటికే పంచదార అంతా ప్రోగ్రాం పుస్తకం మీద పడింది. క్యూలో వెనకున్న అమ్మాయిలు పడీపడీ నవ్వారు. డబ్బా ఖాళీ అయ్యేసరికి ఎనిమిది మంది స్నేహితులయ్యారు.

ఈసారి లోపలికి వదిలారు. ఎక్కడో కొండల్లో పల్లెటూరు. ఒక ముసలమ్మ రొట్టెకి పిండి కలుపుతోంది. కలుపుతోంది. ఇంకా కలుపుతూనే ఉంది. పాట లేదు, మాట లేదు, కెమెరా కదలదు. వెనకెవడో గురక. ఇరవై నిమిషాలకి మాస్టారు లేచి, "నాకు చాలు, ఇంకో క్యూకి పోతా" అని చెవిలో చెప్పి వెళ్లిపోయాడు. నాకు మతిపోయింది. మనం ఎంత చెత్త సినిమా అయినా టికెట్ కొన్న పాపానికి శుభం కార్డు దాకా కదలం కదా! కరెంటు పోయి గంట సేపు చీకట్లో ఉక్కపోతలో కూచున్నాం, గుర్తుందా? లేవొచ్చని అసలు తోచదు మనకి.

నేనూ లేద్దామని సంచి భుజాన వేసుకున్నాను. అప్పుడు కనపడింది. ఆ ముసలమ్మ ఎడమచేతి బొటనవేలు పిండికి ఆన్చట్లేదు. అరచేతి మొదలుతో నొక్కుతోంది, వేలు పైకే ఉంచుతోంది. నొప్పన్నమాట. సినిమాలో ఆ వేలు ఊసు ఎవరూ ఎత్తరు. కొడుకొస్తాడు, రొట్టె తింటాడు, బాగుందంటాడు, పోతాడు. నాకు మాత్రం గొంతు పట్టేసింది. అలాగని గొప్ప సినిమా అనను, గంట హాయిగా కోసెయ్యొచ్చు.

రాత్రి మాస్టారు కళా అకాడమీ దగ్గర కనపడి, "తర్వాతేమైంది?" అన్నాడు. వేలు సంగతి చెప్పాను. "ఏ వేలు?" అన్నాడు. నాలుగు అనుకున్నవాణ్ని ఆ రోజు చూసింది ఒక్కటే సినిమా. కాళ్లు పీక్కుపోయాయి. చేపలకూర, అన్నం తిని పడుకున్నాను.

ఇంటికొచ్చిన మూడో రోజు ఆత్రేయపురం వెళ్లాను. అత్త బోర్లించిన కుండ ముందు కూచుని, కింద ఎండు కొబ్బరాకు ఎగదోస్తూ రేకులు తీస్తోంది. గుడ్డ పిండిలో ముంచడం, రెండు చేతులా సాగదీసి కుండ మీద ఇలా వేసి అలా లాగడం, అంతే, రేకు లేచొస్తుంది. పుట్టిన్నుంచీ తింటున్నాను, ఒక్కసారీ నిలబడి చూళ్లేదు. ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనించి రికార్డింగ్ పెట్టాను. "మొహం తియ్యకురా, పొగకి కళ్లు ఎలా ఉన్నాయో" అంది. చేతులే తీశాను.

11 నిమిషాలు. ఈ ఉత్తరంతో పాటు ఫోన్లో పంపుతున్నా. ముందుకి జరిపి చూశావో నాకు తెలిసిపోతుంది. ఏడో నిమిషంలో అత్త నీ గురించి ఒక మాటంటుంది, అదేంటో జవాబులో రాయి.

నీ
బుజ్జి