మంత్రి గారూ, నాకిది పద్దెనిమిదో వారం

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నాకు లూపస్ ఉంది, ఒంట్లోని రక్షణ శక్తే మన ఒంటి మీద దాడి చేసే జబ్బు. మా ఊళ్లో దీన్నీ కీళ్లవాతమనే అంటారు. ఇప్పుడు కడుపుతో ఉన్నాను, ఐదో నెల. ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను, మూడు రసీదులూ దాచుకున్నాను. మొదటిదానికి సంబంధిత శాఖకు పంపామని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. తర్వాతి రెండింటికి అదీ రాలేదు. అందుకే నలుగురూ చూసేలా మీకు రాస్తున్నాను.

పోయినసారి కడుపుతో ఉన్నప్పటి సంగతి చెప్పాలి. మూడో నెలలో, 9వ తేదీ చెకప్‌కి వెళ్లాను. అక్కడి సిస్టర్ నా మందుల సంచి చూసి, "కడుపుతో ఉండి ఈ బిళ్లలేంటమ్మా, ఆపెయ్" అన్నారు. అవి లూపస్‌కు నేను రోజూ వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ బిళ్లలు. మా అత్తమ్మా అదే అంది. బిడ్డకు మంచిది కాదంటే ఏ తల్లి మింగుతుంది? ఆపేశాను. రెండు నెలలు తిరక్కముందే మొహమంతా ఉబ్బింది. కాళ్లు చెప్పుల్లో పట్టలేదు. మూత్రంలో ప్రొటీన్ పోతోందన్నారు, బీపీ 170 దాటింది. ఏడో నెలలో ఒక రాత్రి బిడ్డ కదలడం ఆగిపోయింది. ఆడపిల్ల.

తర్వాత హైదరాబాద్‌లో రుమటాలజీ (కీళ్లవాతం జబ్బులు చూసే) డాక్టరమ్మ రిపోర్టులన్నీ తిరగేసి ఒక్కటే అడిగింది: "ఆ మాత్ర ఎవరు ఆపమన్నారు?" లూపస్ ఉన్నవాళ్లు గర్భంతో ఉన్నా మానకూడని మందు అదని నాకు అప్పుడు తెలిసింది. జబ్బు కనీసం ఆర్నెల్లు నెమ్మదించాకే బిడ్డ కోసం అనుకోవాలని కూడా అప్పుడే తెలిసింది. ఆపమన్న సిస్టర్ మీద నాకు కోపం లేదు సార్. ఆమెకెవరు నేర్పారు? నా గర్భిణి కార్డులో నా జబ్బు పేరు రాయడానికి గడి కనబడక, అంచున "ఒళ్లునొప్పులు" అని రాసింది పాపం.

మా పక్క వీధిలో ఇంకొకామెకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదీ ఒక రకం కీళ్లవాతమే. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటూనే నెల తప్పింది. అది బిడ్డ కావాలనుకునే ముందే మానాల్సిన మందు. రాసిచ్చినచోట పిల్లల సంగతే అడగలేదట. మానకూడని మందు నాతో మాన్పించారు, మానాల్సిన మందు ఆమెతో మాన్పించలేదు. ఒకే ఊళ్లో.

హైడ్రాక్సీక్లోరోక్విన్ మీకు తెలియని పేరు కాదు. 2020 మార్చిలో కరోనాకు పనికొస్తుందంటే దేశమంతా దానికోసం పరిగెత్తింది. ఆ వేసవిలో నా పది బిళ్లల కోసం మా ఆయన మెడికల్ షాపులన్నీ తిరిగాడు. అప్పుడు అందరికీ గుర్తొచ్చిన మందు, రోజూ అదే మింగి బతికే మా దగ్గరికొచ్చేసరికి ఎవరికీ ఎందుకు తెలియదు?

ఈసారి మందు ఆపలేదు. ఆస్పిరిన్ చిన్న డోసు కూడా వేసుకుంటున్నాను. కానీ నా రక్తంలో యాంటీ-రో అనే యాంటీబాడీ ఉంది. అది మాయ దాటి వెళ్లి బిడ్డ గుండె లయను దెబ్బతీయొచ్చట. ఇలాంటి తల్లులు నూరుమందిలో ఒకరిద్దరి బిడ్డలకే వస్తుందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఆ ఒకరిద్దరిలో నేను ఉండనని ఎవరు చెప్పగలరు? పదహారో వారం నుంచి ఇరవయ్యారో వారం దాకా బిడ్డ గుండె స్కాన్ చేయిస్తూ ఉండాలన్నారు. మా జిల్లాలో ఆ స్కాన్ చేసేవాళ్లు లేరు, కీళ్లవాతం డాక్టరూ లేరు. రెండు వారాలకోసారి తెల్లవారుజామున నాలుగింటి బస్సు. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోని దాన్ని, బస్సు కమ్మీ పట్టుకుని ఎక్కాలి. మా ఆయనకు ఆ రోజు కూలి పోతుంది. స్కాన్ డబ్బులు అప్పు.

నెలకొక్క రోజైనా జిల్లా ఆసుపత్రికి రుమటాలజీ డాక్టరును పంపండి. ఆ గుండె స్కాన్ జిల్లాలోనే చేయించండి. ఏ మందు ఆపాలో, ఏది ఆపకూడదో ఏఎన్ఎమ్‌లకు, ఆశాలకు నేర్పించండి. కార్డులో మా జబ్బుకొక గడి పెట్టండి. ఇవి పెద్ద కోరికలని నేననుకోవడం లేదు. కనీసం ఆ సిస్టర్లకు నేర్పించండి సార్, అదొక్కటైనా ముందు చేయండి.

వచ్చే గురువారం మళ్లీ నాలుగింటి బస్సెక్కుతాను. స్కాన్‌లో గుండె చప్పుడు వినిపించేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉంటాను. ఈలోగా మీ ఆఫీసు నుంచి ఒక్క జవాబు రానివ్వండి.

ఇట్లు,
మూడు అర్జీలు పెట్టుకున్న ఒక లూపస్ పేషెంట్