నా భయాన్ని కొట్టిపారేయని వాళ్ళందరికీ

అందరికీ నమస్కారం.

మే మొదటి వారంలో విజయవాడలో నాకు బరువు తగ్గే ఆపరేషన్ జరిగింది. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అంటారు. మా ఊళ్ళో మాత్రం అందరూ కడుపు తగ్గించే ఆపరేషన్ అంటున్నారు. అయిదు నెలలు దాటింది. 118 కిలోల నుంచి 91కి వచ్చాను. షుగర్ మాత్రలు మూడు పూటల నుంచి ఒక పూటకి తగ్గాయి. దసరా సెలవుల్లో కాస్త తీరిక దొరికింది కాబట్టి ఎన్నాళ్ళుగానో రాయాలనుకుంటున్నది ఇప్పుడు రాస్తున్నాను. ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి చేతులెత్తి దణ్ణం పెట్టి కృతజ్ఞతలు అప్పుడే చెప్పాను. ఇది ముఖ్యంగా ఆపరేషన్‌కి ముందు నాలుగు నెలల పాటు నా భయాన్ని నాతో పాటు మోసిన వాళ్ళ కోసం.

నేను తెనాలి దగ్గర ఒక పల్లెలో టీచర్‌ని. నా ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 47. షుగర్ వచ్చి ఏడేళ్ళయింది. బ్లాక్‌బోర్డు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడితే మోకాళ్ళు వణికేవి. రాత్రి నిద్రలో నా ఊపిరి ఆగిపోతోందని మా అమ్మాయి చాలాసార్లు లేచి నన్ను తట్టి లేపేది. ఇంటర్ చదివే పిల్ల, తల్లి ఊపిరి లెక్కపెడుతూ పడుకునేది. షుగర్ డాక్టరు గారు ఇక సర్జన్‌ని కలవమన్నారు.

కలిసి వచ్చిన రాత్రి నుంచే నాకు నిద్ర పోయింది.

దీనికి కారణం మా పిన్ని. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఆవిడకి గర్భసంచి ఆపరేషన్ అయింది. బాగా జరిగింది, ఇంటికి తీసుకొచ్చారు. ఆరో రోజు పొద్దున్న బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చి మంచం మీద కూర్చుని, "ఆయాసంగా ఉందే" అని నాతోనే అంది. మంచినీళ్ళు తెచ్చేలోపు ఒరిగిపోయింది. కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి చేరితే అలా జరుగుతుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళకి, ఆపరేషన్ అయినవాళ్ళకి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువని చదివాక, నా గురించే రాసినట్టు అనిపించింది.

ఎవరికి చెప్పినా "ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అనేవాళ్ళు. ప్రేమతోనే అనేవాళ్ళు, తప్పు పట్టను. కానీ పిన్నికీ అందరం అదే మాట చెప్పాం. మా అమ్మ అయితే ఎదురు తిరిగింది. "తిండి తగ్గించుకుంటే పోయేదానికి కోరి కత్తి కింద పడుకుంటావా" అని నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పదిహేనేళ్ళుగా తగ్గించుకుంటూనే ఉన్నాను, తగ్గిన ప్రతిసారీ అంతకు రెండింతలు వచ్చింది. అది అమ్మకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

జనవరిలో ఒక రాత్రి రెండు వందల పేజీల నోటుబుక్కు తీసి మా అమ్మాయి పేరు మీద రాయడం మొదలుపెట్టాను. బంగారం ఎక్కడుంది, ఎల్ఐసీ బాండ్లు ఏ ఫైల్లో ఉన్నాయి, నాన్నకి బీపీ మాత్రలు ఎప్పుడు గుర్తు చేయాలి, పాలవాడి లెక్క. అదే పుస్తకం వెనక వైపు నుంచి డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు రాసుకున్నాను. మొత్తం ముప్పై ఒకటి అయ్యాయి.

మొదటి కృతజ్ఞత అందుకే సర్జన్ గారికి. ఆ ముప్పై ఒక్క ప్రశ్నలకీ కూర్చుని జవాబు చెప్పారు. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నా వాచీ చూసుకోలేదు. నా పుస్తకంలోనే పెన్నుతో కడుపు బొమ్మ గీశారు. ముప్పావు వంతుకి పైగా తీసేస్తామని, మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టంలా ఉంటుందని, కోసిన అంచు పొడుగునా స్టేప్లర్‌తో టైటానియం పిన్నులు పడతాయని చూపించారు. "లీకు అంటే ఈ అంచు ఎక్కడో మానకుండా తెరుచుకోవడం. ఎక్కువగా ఇక్కడ, అన్నవాహిక కలిసే చోటుకి దగ్గర్లో అవుతుంది" అని ఒక చుక్క పెట్టారు. నూటికి ఒకరికి అటూ ఇటూగా అవుతుందని, తమ దగ్గర కూడా అయిందని, వాళ్ళకి ఏం చేశారో దాచకుండా చెప్పారు. ప్రాణం పోయే అవకాశం ఉందా అని అడిగాను. ఉంది అన్నారు. వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా అని చెప్పి, ఈ బరువుతో ఈ షుగర్‌తో ఇలాగే ఉండిపోతే రాబోయే పదేళ్ళలో గుండెకి, కిడ్నీలకి ఉండే ప్రమాదాన్ని పక్కన పెట్టి చూపించారు. చేయించుకోమని ఒక్కసారి కూడా ఒత్తిడి చేయలేదు. ఆ రోజు బయటికి వచ్చాక మావారితో, "ఈయన అబద్ధం చెప్పడు" అన్నాను. ఆ రాత్రి నాలుగు గంటలు పడుకున్నాను.

పిన్ని సంగతి మాత్రం సర్జన్‌కి చెప్పలేకపోయాను, గొంతు పట్టేసింది. చెప్పింది మత్తు డాక్టరు గారికి. ఆవిడ నా కంటే చిన్నది. పరీక్షల కాగితాలు చూస్తూ, "మీ ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా?" అని మామూలుగా అడిగింది. నేను ఏడ్చేశాను. కాగితాలు పక్కన పెట్టి, కుర్చీ నా పక్కకి లాక్కుని మొత్తం విన్నది. "ఇది మాకు చెప్పాల్సిన విషయమే, మంచి పని చేశారు" అని ఫైలు మీద ఎర్ర పెన్నుతో రాసింది. గడ్డకట్టకుండా ఏమేం చేస్తారో ఒక్కొక్కటీ వివరించింది. కాళ్ళకి బిగుతు మేజోళ్ళు, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ పిక్కల్ని నొక్కి వదిలే గాలి పట్టీలు, పొట్ట మీద రోజూ హెపారిన్ ఇంజెక్షన్, అదే రోజు సాయంత్రం లేపి నడిపించడం. నాకు ఇంజెక్షన్లు ఇంటికి వెళ్ళాక కూడా కొనసాగించాలని సర్జన్‌తో మాట్లాడి ఖాయం చేసింది కూడా ఆవిడే. స్లీప్ టెస్టు చేయించి, ఆపరేషన్‌కి ముందు మూడు వారాలు రాత్రిళ్ళు సీప్యాప్ మెషీన్ పెట్టుకోమంది, నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలి పంపేది. ఆ మాస్కుతో పడుకున్న నాలుగో రాత్రి మా అమ్మాయి తెల్లారేదాకా నిద్రపోయింది. డాక్టరమ్మా, మీకు ఆ ఒక్కదానికే జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇక ఏలూరు దగ్గర కిరాణా కొట్టు నడిపే అన్నయ్య గురించి. ఆయన పేరు రాయొద్దన్నారు.

నాకు లీకు భయం పోవడం లేదని డైటీషియన్ అమ్మాయికి తెలిసి, ఆయన్ని అడిగి నంబరు ఇచ్చింది. బాగా జరిగిన వాళ్ళ నంబర్లు ఎవరైనా ఇస్తారు. ఆయనకి మూడేళ్ళ క్రితం నిజంగా లీకు అయింది. ఫోన్ చేయడానికి నాకు వారం పట్టింది. చేస్తే, "చెప్పమ్మా, నీ కోసమే కొట్టు మా ఆవిడకి వదిలి లోపలికి వచ్చా" అన్నారు. గంటన్నర మాట్లాడారు. ఆరో రోజు ఎడమ భుజంలో నొప్పి, సన్నగా జ్వరం, గుండె దడ. గ్యాస్ అనుకుని వాము నీళ్ళు తాగి ఆ రాత్రి ఇంట్లోనే గడిపారు. తెల్లారేసరికి నాడి 130. మళ్ళీ పొట్ట తెరిచి కడగాల్సి వచ్చింది, లోపల ట్యూబులు పెట్టారు, నోటి ద్వారా స్టెంటు అనే గొట్టం వేశారు. నలభై రోజులు ఆస్పత్రిలోనే ఉన్నారు. నేను వింటూ వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. చివర్లో ఆయన అన్న మాటలు నోటుబుక్కులో రాసుకున్నాను: "లీకు అవడం నా చేతుల్లో లేదమ్మా. ఆ ఒక్క రాత్రి ఆగడం నా చేతుల్లోనే ఉంది. నువ్వు ఆగకు. నాడి 120 దాటినా, జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా, ఏ టైమైనా ఫోను చెయ్యి. వాళ్ళు విసుక్కుంటారేమో అనుకోకు."

అప్పటిదాకా లీకు అంటే చావు అని నా మనసులో పడిపోయింది. లీకు అయి, బతికి, పప్పు తూకం వేసి అమ్ముకుంటున్న మనిషి గొంతు విన్నాక ఆ ముద్ర చెరిగిపోయింది. భయం ఉంది, కానీ దానితో ఏం చేయాలో తెలిసింది.

ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ద్రవాహారం. నాకు ఫ్యాటీ లివర్ ఉంది, కాలేయం ఎడమ భాగం కడుపు మీద కప్పుకుని ఉంటుంది, అది కుంచించుకుంటేనే కెమెరాతో లోపల చేసేవాళ్ళకి చోటు దొరుకుతుందట. ఏప్రిల్ చివర, బంగినపల్లి మామిడి పళ్ళు బుట్టల్లో దిగే రోజులు. మజ్జిగ, పెసరకట్టు, ప్రొటీన్ పొడి, వడగట్టిన సూపు. ఆ పదిహేను రోజులూ మా అత్తయ్య ఇంట్లో పండు కోయనివ్వలేదు. మా ఇంట్లో ఆవకాయ కలిపిన రోజు వేడన్నంలో మొదటి ముద్ద అందరికీ పెట్టడం ఆవిడ ఆనవాయితీ. ఈసారి ముక్కలు కొట్టించడమే నేను ఆస్పత్రికి వెళ్ళాక చేసింది. అడిగితే, "నీ ముందు ఎలా కలుపుతానే" అంది. అత్తయ్యా, ఈ మాట నీకు ఎదురుగా చెప్పలేను, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మా స్కూల్లో తోటి టీచరు, తనకి అవసరం ఉండి కూడా ఆ నెల చీటీ పాట నాకు వదిలేసింది. అది లేకపోతే ఈ ఏడాది ఆపరేషన్ అయ్యేది కాదు.

ఆస్పత్రిలో ఉన్న మూడు రోజుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నొప్పి ఉంది, గ్యాస్ భుజాల్లోకి ఎక్కింది, రెండో రోజుకి తగ్గింది. గుర్తుండిపోయింది మాత్రం నైట్ డ్యూటీ సిస్టర్. సాయంత్రం ఏడింటికి వచ్చి, "లేవండమ్మా, కిటికీ దాకా వెళ్ళొద్దాం" అంది. నా బరువంతా తన భుజం మీద వేసుకుంది. బాత్‌రూమ్ నుంచి వచ్చి మంచం మీద కూర్చోగానే నాకు చెమటలు పట్టాయి, పిన్ని కూర్చున్న తీరు అది. ఆ సిస్టర్‌కి ఏమీ తెలియదు. అయినా నా చెయ్యి వదలకుండా ఆక్సిజన్ క్లిప్పు వేలికి తగిలించి, ఆ అంకె నాకు కనిపించేలా తిప్పి పెట్టింది. 97. ఆ అంకె చూస్తూ పడుకున్నాను. ఇంటికొచ్చాక రెండు వారాలు మా వీధి ఏఎన్ఎమ్ చెల్లెలు రోజూ ఉదయం డ్యూటీకి వెళ్తూ వచ్చి ఇంజెక్షన్ చేసి వెళ్ళింది. ఒక్క రోజు కూడా తప్పలేదు.

తొమ్మిదో రోజు రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చింది. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినపడుతోంది. లేస్తే కళ్ళు తిరిగాయి. మావారు నాడి చూస్తే 118. జ్వరం లేదు. తెల్లారేదాకా చూద్దామా అని ఇద్దరం అనుకుంటుండగానే అన్నయ్య మాట గుర్తొచ్చి ఫోన్ చేశాను. డ్యూటీ డాక్టరు రెండో రింగుకే ఎత్తారు. నొప్పి, జ్వరం, ఆయాసం, కాలి పిక్కల వాపు, మూత్రం ఎన్నిసార్లు అని వరసగా అడిగి, "బయలుదేరి వచ్చేయండి, చూసేద్దాం" అన్నారు. మా ఎదురింటి ట్యాక్సీ అబ్బాయి అప్పుడే కిరాయి నుంచి వచ్చి పడుకున్నాడట. తలుపు కొట్టగానే చొక్కా వేసుకుంటూ వచ్చాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క గుంతలో బండి దించలేదు.

మందు తాగించి సీటీ తీశారు. లీకు లేదు, ఊపిరితిత్తుల్లో గడ్డ లేదు. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయి. మే ఎండలు, నేనేమో గుక్కకి నొప్పి వస్తోందని రోజుకి అరలీటరు కూడా తాగడం లేదు. ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్, తర్వాత సెలైన్లు ఎక్కించారు. పొద్దున్నే డ్యూటీ డాక్టరు గారికి, అనవసరంగా మిమ్మల్ని ఇబ్బంది పెట్టానండీ అన్నాను. ఆయన చాలా గట్టిగా, "అలా అనకండి, రేపు మళ్ళీ ఇలా అనిపిస్తే మళ్ళీ రండి" అన్నారు. ఏం లేకుండా వచ్చిన మనిషిని సిగ్గుపడనివ్వకుండా పంపడం ఎంత పెద్ద సాయమో ఆయనకి తెలుసో లేదో.

తర్వాత పది నిమిషాలకో గుక్క చొప్పున నీళ్ళు తాగించే పని మా అమ్మ తీసుకుంది. అవును, అమ్మే. గడియారం ముందు పెట్టుకుని కూర్చునేది. నాలుగో నెలలో జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వచ్చింది, ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. పిత్తాశయంలో రాళ్ళు రాకుండా ఆరు నెలల మాత్రలు నడుస్తున్నాయి. బి12, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వేసుకోవాలి.

ఏలూరు అన్నయ్యకి అప్పటి పెద్ద కోత దగ్గర ఇప్పుడు హెర్నియా వచ్చింది. వచ్చే శుక్రవారం ఆపరేషన్. మొన్న ఫోన్లో మొదటిసారి ఆయన గొంతులో టెన్షన్ వినిపించింది, మళ్ళీ పొట్ట తెరవాలంటే భయంగా ఉందమ్మా అన్నారు. ఏం కాదులే అనలేదు. ఏమేం భయంగా ఉందో కాగితం మీద రాయమన్నాను, డాక్టరుని అడుగుదాం అన్నాను. గురువారం సాయంత్రం రైలుకి నేనూ మావారూ వెళ్తున్నాం. వదిన ఒక్కతే థియేటర్ బయట కూర్చోవాల్సి వస్తుంది. ఫ్లాస్కులో పెసరకట్టు పట్టుకెళ్తున్నాను, ఆవిడకి.