వైద్య బీమా క్లెయిముకు ఒకే నంబరు, వేళ వేసిన రసీదు కావాలి

సంపాదకుడికి,

అయ్యా,

తపాలా శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. రిజిస్టర్డ్ ఉత్తరం మా కౌంటర్‌కు రాగానే దానికి ఒక నంబరు పడేది. ముందు రెండు అక్షరాలు, తరవాత తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. ఆ ఉత్తరం శ్రీకాకుళం వెళ్లినా శ్రీనగర్ వెళ్లినా, సంచి మారినా, రైలు మారినా, పది చేతులు మారినా నంబరు మారదు. రసీదు పట్టుకుని వచ్చి అడిగితే ఉత్తరం ఎక్కడుందో వెతికి చెప్పే బాధ్యత మాది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపినా ఒక వస్తువుకు ఒకే నంబరు అనే పద్ధతి అలాగే ఉంది. ఒక ఉత్తరానికి దక్కే ఈ పాటి మర్యాద, లక్షల రూపాయల వైద్య బీమా క్లెయిముకు ఎందుకు దక్కడం లేదో అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

గత మార్చి మూడో వారంలో నా భార్య పెరట్లో బట్టలు ఆరేస్తూ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. గుంటూరులోని ఒక ఆస్పత్రిలో చేర్చాము. పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీలో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నగదు రహిత చికిత్సకు, అంటే ఆస్పత్రి బిల్లు బీమా సంస్థే నేరుగా కట్టే పద్ధతికి, అనుమతి వచ్చింది, శస్త్రచికిత్స బాగా జరిగింది. వైద్యుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా కాగితాలతోనే.

ఆస్పత్రి ఇచ్చిన ఫైలు అట్ట లోపలి వైపు ఒక్కొక్క నంబరే రాసుకుంటూ వచ్చాను. పాలసీ నంబరు, బీమా కార్డు మీది సభ్యత్వ నంబరు, మా అబ్బాయి ఉద్యోగి నంబరు, ఆస్పత్రి వారు రోగికి ఇచ్చే గుర్తింపు నంబరు యూహెచ్‌ఐడీ, ఆస్పత్రిలో చేరినందుకు ఇచ్చే ఐపీ నంబరు, చేరినట్టు తెలియజేసినందుకు ఇంటిమేషన్ నంబరు, చికిత్సకు ముందస్తు అనుమతి నంబరు. ఇంటికి వచ్చాక మందులు, ఫిజియోథెరపీ బిల్లులు పంపితే దానికి వేరే క్లెయిము నంబరు, ఆ కవరుకు కొరియర్ నంబరు, ఆలస్యమైతే ఫిర్యాదు నంబరు, చివరకు డబ్బు పడినప్పుడు ఆ బ్యాంకు చెల్లింపును గుర్తించే యూటీఆర్ నంబరు. లెక్కపెడితే పదకొండు. ఒక మనిషికి ఒకసారి విరిగిన ఎముకకు ఇన్ని నంబర్లు.

వీటిలో ఏది ఎవరి దగ్గర చెల్లుతుందో ఎవరూ చెప్పరు. ఆస్పత్రి బిల్లుల మీద ఐపీ నంబరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది కాబట్టి కాల్ సెంటర్ అమ్మాయి క్లెయిము నంబరు అడిగినప్పుడు అదే చదివాను. ఆ నంబరుతో రికార్డు లేదన్నది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. యూహెచ్‌ఐడీ, ఐపీ నంబర్లు ఆ ఆస్పత్రి గోడ దాటితే చెల్లవు. పాలసీ నంబరు మనం ఎవరి దగ్గర బీమా తీసుకున్నామో చెబుతుందే గాని ఈ జబ్బు సంగతి చెప్పదు. ఇంటిమేషన్ నంబరు సమాచారం అందిందనడానికి గుర్తు మాత్రమే, దానితో క్లెయిము దాఖలైనట్టు కాదు. ఈ చికిత్స తాలూకు దస్త్రాన్ని తెరిచేది క్లెయిము నంబరు ఒక్కటే. కొన్ని సంస్థలు ముందస్తు అనుమతి నంబరునే క్లెయిము నంబరుగా కొనసాగించి, తరవాతి బిల్లులకు చివర ఒకటి, రెండు అని గీత పెట్టి చేరుస్తాయి. కొన్ని పూర్తిగా కొత్త నంబరు ఇస్తాయి. ఈ తేడా తెలియక పాత నంబరుతోనే మూడు వారాలు ఫోను చేసి, ‘మీ క్లెయిము పరిష్కారమైంది’ అనే జవాబే మళ్లీ మళ్లీ విన్నాను. పరిష్కారమైంది ఆస్పత్రి క్లెయిము. నేను అడుగుతున్నది మందుల బిల్లుల గురించి.

ఇంకో చిక్కు పాలసీ ఏడాదితో వచ్చింది. ఆ గ్రూపు పాలసీ ఏప్రిల్ 1న కొత్త నంబరుతో మారింది. ఏప్రిల్‌లో కొన్న మందులు కదా అని క్లెయిము ఫారంలో కొత్త నంబరు వేశాను. కవరు తిరిగి వచ్చింది. బిల్లు ఏ తేదీదైనా, ఆస్పత్రిలో చేరిన నాడు అమల్లో ఉన్న పాలసీ నంబరే వేయాలట. ఈ ఒక్క వాక్యం ఫారం మీద తెలుగులో అచ్చువేసి ఉంటే నెల రోజులు కలిసివచ్చేవి.

అన్నిటికన్నా నన్ను కలచివేసింది డిశ్చార్జి రోజు. ఉదయం పది గంటలకు డాక్టరుగారు ఇంటికి వెళ్లవచ్చన్నారు. సాయంత్రం ఆరున్నర దాకా నా భార్య చక్రాల కుర్చీలో, కాలు చాపుకునే వీలు లేక, బీమా కౌంటర్ ఎదురుగా కూర్చుంది. తుది బిల్లు పంపేశామని కౌంటర్‌లో చెప్పారు. ఇంకా అందలేదని బీమా వారి తరఫున పనిచేసే టీపీఏ చెప్పింది. సందేశాలన్నీ పుణెలోని మా అబ్బాయి ఫోనుకు పోతున్నాయి. వాడు ఆఫీసు మీటింగు మధ్యలో వాటిని నాకు పంపుతుంటే, నేను కళ్లద్దాలు సర్దుకుని ఆ అంకెలు కౌంటర్‌లో చదివి వినిపించాను. సున్నా అనుకుని చదివింది ఇంగ్లీషు ‘ఓ’ అక్షరమని రెండోసారికి గాని తేలలేదు.

నిజానికి ఈ విషయంలో నియమం లేకపోలేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న వైద్య బీమాపై ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ స్పష్టంగానే ఉంది. నగదు రహిత చికిత్స అభ్యర్థన అందిన గంటలోపు నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జికి ఆస్పత్రి నుంచి అభ్యర్థన అందిన మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆస్పత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే ఆ సొమ్ము బీమా సంస్థే తన వాటాదారుల నిధి నుంచి భరించాలి. మంచి నియమం, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. కానీ ఆ మూడు గంటలు ఎప్పుడు మొదలయ్యాయో రోగికి తెలిసేదెలా? అభ్యర్థన ఎన్ని గంటలకు వెళ్లింది, ఎన్ని గంటలకు అందింది అన్నది రెండు కంప్యూటర్ల మధ్య సంగతి. మా చేతిలో ఒక్క కాగితం ముక్క లేదు. తపాలా ముద్రలో తేదీ ఎందుకు ఉంటుందో మా శాఖలో చేరిన మొదటి రోజే నేర్పేవారు. తేదీ లేని ముద్ర సాక్ష్యానికి పనికిరాదు.

అందుకే నేను కోరుతున్నది పెద్ద సంస్కరణ కాదు. ఒక చికిత్సకు ఒకే మూల నంబరు ఉండాలి. ఆస్పత్రిలో చేరకముందు చేయించిన పరీక్షలు, తరవాతి మందులు, ఫిజియోథెరపీ, అన్నీ ఆ నంబరుకు కొమ్మలుగా చేరాలి. ఆ నంబరు వేసి, అభ్యర్థన పంపిన తేదీ, గంట, నిమిషం అచ్చువేసిన రసీదు ఆస్పత్రి కౌంటర్‌లోనే, తెలుగులో, మంచం పక్కన ఉన్న మనిషి చేతికి ఇవ్వాలి. సందేశం పాలసీదారు ఫోనుతో పాటు ఆ మనిషి ఫోనుకూ రావాలి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్రలను కూర్చోబెట్టారు. చదువు రాని రైతు కూడా వారి దగ్గరకు వెళ్లి తన కేసు ఎంతవరకు వచ్చిందని అడగగలిగాడు. ఏటా వేల రూపాయల ప్రీమియం కట్టే వారికి కూడా అలా అడగడానికి ఒక మనిషి ఉండాలి.

ఈలోగా నాలాంటి వారికి అనుభవంతో నాలుగు మాటలు. క్లెయిము నంబరు చెప్పే ప్రతి సందేశాన్నీ దాచండి, చేత్తో కూడా రాసుకోండి. బిల్లులు పంపేటప్పుడు ప్రతి కాగితం వెనుకా ఆ నంబరు, రోగి పేరు రాయండి. కవరు చిరిగి కాగితాలు విడిపోయినా దారి తప్పవు. డబ్బు పంపామని వారంటే యూటీఆర్ నంబరు అడగండి, అది చూపిస్తే బ్యాంకు వారు ఏ ఖాతాలో పడిందో చెప్పగలరు. నేను రెండు వారాలు నా పాసుపుస్తకం అచ్చు వేయించుకుంటుంటే, డబ్బు మా అబ్బాయి జీతం ఖాతాలో పడి ఉంది. క్లెయిము తిరస్కరిస్తే పాలసీలోని ఏ షరతు ప్రకారమో రాతలో చెప్పాలని అదే సర్క్యులర్‌లో ఉంది, అడిగి తీసుకోండి.

మరొక ముఖ్యమైన సంగతి. కాల్ సెంటర్‌లో మీ గోడు ఎంత చెప్పుకున్నా దాన్ని ‘సర్వీస్ రిక్వెస్ట్’ కింద రాసుకుంటే అది ఫిర్యాదు లెక్కలోకి రాకపోవచ్చు. సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరుకు ఫోను చేసీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సంస్థ నెలలోపు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిపోకపోయినా, ఇలాంటి వివాదాలు విని పరిష్కరించే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు. ఆ నెల గడువు లెక్కపెట్టడానికి ఆధారం మీ దగ్గరున్న ఫిర్యాదు నంబరు, దాని తేదీయే.

ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడి అధికారులు ఒక రోజు ఏదైనా ఆస్పత్రి బీమా కౌంటర్ ఎదుట ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుని, డిశ్చార్జి కోసం ఎదురుచూసే వారి చేతిలో ఏ కాగితం ఉందో చూడాలని నా విన్నపం. ఈ లేఖ ప్రతిని వారికి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
తెనాలి