సైడ్ స్టాండ్ సంగతి

వానల్లో మారేడుమిల్లి మట్టిదారుల్లో తిరిగొచ్చిన బళ్లవాళ్లు సైడ్ స్టాండ్ ఒకసారి చూసుకోండి. పైపైన కడిగితే చాలదు. స్టాండు తిరిగే పివట్ బోల్టు లోపల బురద చేరితే స్టాండు పూర్తిగా పైకి లేవదు, ఎడమ మలుపులో నేలకి తగిలిందంటే పడటమే.

బండిని సెంటర్ స్టాండ్ మీదో, గట్టి దిమ్మ మీదో నిలబెట్టాకే బోల్టు విప్పండి. డీజిల్‌తో కడిగి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టండి. అసలు తలనొప్పి బోల్టు విప్పే ముందు తీయాల్సిన స్ప్రింగుతోనే. స్క్రూడ్రైవర్‌తో పీకితే ఎగిరి మొహానికి తగులుతుంది. స్టాండు సగం తిప్పినప్పుడు స్ప్రింగు బాగా సాగుతుంది, అప్పుడు చుట్ల సందుల్లో వాషర్లు దూర్చండి. స్టాండు వెనక్కి తిప్పితే వదులై చేతికొచ్చేస్తుంది.

గేరు వేయగానే ఇంజిన్ ఆగిపోతోందా? మెకానిక్ దగ్గరికి పరిగెత్తకుండా ముందు స్టాండు స్విచ్ (స్టాండు దించి ఉంటే ఇంజిన్‌ని ఆపేసేది) శుభ్రం చేయండి.