దుప్పటి దెయ్యానికి

ఒరేయ్ మామా,

ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరమేంటి అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకని.

మొన్న ఆదివారం ఇక్కడ ఒకటే వాన. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. అక్క పిల్లలిద్దరూ మా దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లోనే ఇరుక్కుపోయారు. దెయ్యం సినిమా కావాలని పెద్దవాడు, వద్దని చిన్నది. చివరికి 'ది కాంటర్‌విల్ ఘోస్ట్' పెట్టాను, 2023లో వచ్చిన యానిమేషన్. దెయ్యానికి గొంతు స్టీఫెన్ ఫ్రైది. అది వింటే భయం మాట అటుంచి, లేచి నిలబడి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

కథ నీకు గుర్తుండాలే! ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో కొనుక్కొచ్చి హాస్టల్లో పైకి చదివాను కదా. ఆస్కార్ వైల్డ్ రాసింది, 1887లో అచ్చయింది. సర్ సైమన్ మూడొందల ఏళ్ళుగా జనాన్ని హడలగొట్టి పేరు తెచ్చుకున్న దెయ్యం. ఆ బంగళాని ఓ అమెరికా కుటుంబం కొనుక్కుంటుంది. అర్ధరాత్రి గొలుసులు ఈడ్చుకుంటూ వస్తే ఇంటిపెద్ద తలుపు తీసి, వాటికి కాస్త నూనె పెట్టుకోండని సీసా అక్కడుంచి, వెళ్ళి పడుకుంటాడు!

అక్కడ నాకు నువ్వు గుర్తొచ్చావు. అమావాస్య రాత్రి తెల్ల దుప్పటి కప్పుకుని వచ్చి మంచం పక్కన మూలిగావు చూడు. మన రూమ్మేట్ కళ్ళు కూడా తెరవకుండా "ఆ దుప్పటి నాది, రేపు ఉతికివ్వు" అన్నాడు. రెండు రోజులు నువ్వు ఎవరితోనూ మాట్లాడలేదు.

సినిమాలో పరుగులు ఎక్కువయ్యాయి అనిపించింది నాకు. పుస్తకంలో దెయ్యం పడే అవమానంలోనే ఉంది అసలు నవ్వు. అందుకే సినిమా అయ్యాక పిల్లలకి ఆ ముక్కలు నేనే చెప్పాను. నేల మీద నెత్తుటి మరకని ఆ అమెరికా వాళ్ళు డిటర్జెంట్‌తో రుద్దేస్తారు, తెల్లారేసరికి మళ్ళీ ఉంటుంది. దెయ్యమే ఆ ఇంటి అమ్మాయి రంగుల డబ్బా దొంగిలించి మరక దిద్దుతూ ఉంటుంది. ఎరుపు మొత్తం అయిపోయి, ఓ రోజు మరక ఆకుపచ్చగా తేలుతుంది! పాపం, ఆ అమ్మాయికేమో సూర్యాస్తమయం వేసుకోవడానికి రంగే మిగల్లేదు.

ఒక్క చోట మాత్రం తడబడ్డాను. సైమన్ భార్యని చంపింది ఎందుకూ? బట్టలకి గంజి సరిగ్గా పెట్టించదట, వంట రాదట. హాస్టల్లో దానికీ పగలబడి నవ్వాం. ఈసారి నోరు రాలేదురా, దాటేశాను. మూడొందల ఏళ్ళుగా కంటిమీద కునుకు లేదని దెయ్యం ఆ అమ్మాయితో మొరపెట్టుకునే చోటికి వెళ్ళిపోయాను. పెద్దవాడు అప్పటికే నిద్రపోయాడు. చిన్నది మాత్రం కళ్ళు ఆర్పకుండా వింది.

పొద్దున లేచి చూస్తే కిటికీ గట్టు మీద ఎర్ర స్కెచ్ పెన్ను. ఎవరికే ఇది అన్నాను.

"అతని ఎరుపు అయిపోయిందన్నావుగా మామయ్యా!"

దసరాకి తప్పకుండా రా. దుప్పటి మాత్రం నీదే తెచ్చుకో.

నీ
పాత రూమ్మేటు