సముద్రానికి కయాక్ కొనేవాళ్లకు: మా షాపులో మారుతున్న పద్ధతి

నమస్కారం. తీరం దాటి లోపలికి వెళ్లి చేపలు పట్టాలనుకునేవాళ్లకు పదడుగుల పొడవుండే వెడల్పాటి కయాక్‌లు (తెడ్డేసి నడిపే చిన్న పడవలు) ఇక మీదట అమ్మం. అడిగినా అమ్మం. చెరువులకు, అలల్లేని నీళ్లకు అవి మంచి పడవలే, వాటికోసం వచ్చేవాళ్లకు ఎప్పటిలాగే ఇస్తాం. మా దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేవి అవే కాబట్టి, ఎందుకీ నిర్ణయమో మీకు చెప్పాలి.

షాపుకొచ్చే ప్రతి ఒక్కరూ ముందుగా అడిగేది "నిలబడినా కదలకూడదండీ" అని. కదలని నీళ్లలో లేచి నిలబడి చూస్తారు, ఊగకపోతే నచ్చేస్తుంది. దీన్ని ప్రైమరీ స్టెబిలిటీ అంటారు. వెడల్పు, చదునైన అడుగుభాగం ఉంటే అది వచ్చేస్తుంది. చిక్కంతా సముద్రంలో నీళ్లు చదునుగా ఉండకపోవడమే. చదునైన అడుగు నీటి వాలును బట్టి పోతుంది. కెరటం పక్క నుంచి వస్తే నీళ్లు ఎంత వాలుతాయో పడవా అంతే వాలుతుంది, పైన కూర్చున్న మీరూ వాలుతారు. అడుగు కాస్త గుండ్రంగా, పక్కలు బయటికి విచ్చుకున్నట్టు ఉండే కయాక్ ఎక్కగానే కొంచెం ఊగుతుంది. కానీ అది ఒరిగేకొద్దీ ఆ పక్క మరింత మునిగి, పడవను పైకి నెడుతుంది. అదే సెకండరీ స్టెబిలిటీ. అలల్లో మిమ్మల్ని నిలబెట్టేది ఇదే, షాపు ముందు నీళ్లలో ఇది తెలియదు.

అందుకే సముద్రానికైతే 12 నుంచి 14 అడుగుల పొడవు, 30 నుంచి 34 అంగుళాల వెడల్పు ఉన్న సిట్-ఆన్-టాప్ (లోపల కాకుండా పైన కూర్చునే కయాక్) చూడమంటున్నాం. పొడవుంటే పడవ తిన్నగా పోతుంది, గాలికి ఎదురు తెడ్డేసి వెనక్కి రాగలుగుతారు. తీరం నుంచి సముద్రం వైపు గాలి వీచే రోజున ఆ తేడా ప్రాణం మీదికి రాకుండా చూస్తుంది. సీటు ఎత్తు కూడా గమనించండి. ఎత్తు సీటు మీద చూపు బాగా ఆనుతుంది, కానీ బరువు పైకి పోయి పడవ త్వరగా ఒరుగుతుంది. ఎత్తు మార్చుకునే సీటైతే అలలున్నప్పుడు కిందికి దించేయండి.

పడవ మీద రాసిన బరువు పరిమితిని పూర్తిగా వాడకండి, మూడింట రెండొంతుల దగ్గర ఆగండి. మీ బరువు, ఐస్ బాక్సు, బ్యాటరీ, లంగరు, పడబోయే చేపలు, అన్నీ లెక్కలోకే వస్తాయి.

ఇంకొకటి. స్కప్పర్ రంధ్రాలు (పడవ పైనుంచి అడుగు దాకా ఉండే నీళ్లు పోయే రంధ్రాలు) ఉన్నాయి కదా, మునగదు అనుకుంటారు చాలామంది. అవి పైన పడిన నీళ్లనే దించుతాయి. మూత సరిగ్గా బిగియకపోయినా, గాలం కర్ర నిలిపే రాడ్ హోల్డరు కోసం వేసిన స్క్రూ దగ్గర సీలెంట్ లేకపోయినా నీళ్లు పడవ కడుపులోకి పోతాయి. ఆ నీళ్లు పడవ ఒరిగిన వైపుకే పరుగెత్తి దాన్ని ఇంకా ఒరిగిస్తాయి. బయల్దేరే ముందు డ్రెయిన్ ప్లగ్ (పడవ కడుపులో నీళ్లు వదిలే రంధ్రానికి పెట్టే బిరడా) బిగించారో లేదో చూసుకోండి, చిన్న చేతి పంపు ఒకటి వెంట ఉంచుకోండి.

ఇకపై సముద్రానికి కొనేవాళ్లకు మేం పెట్టే పరీక్ష ఇది: లైఫ్ జాకెట్ వేసుకుని, కాళ్లు అందని లోతులో, మా మనిషి పక్కనుండగా, కయాక్‌ను కావాలనే తిరగేయాలి. దాన్ని మళ్లీ సరిగ్గా తిప్పి, కాళ్లాడించుకుంటూ పొట్ట మీద పైకి పాకి ఎక్కి కూర్చోవాలి. బాగా వెడల్పుగా, పక్కలు ఎత్తుగా ఉన్న పడవ తిరగబడటం కష్టమే, తిరగబడ్డాక సరిచేయడం అంతకన్నా కష్టం. మీరు ఎక్కలేకపోతే ఆ పడవ మీది కాదు, ఎంత నిలకడగా ఉన్నా సరే. కొందరికి ఇది అతిగా అనిపించవచ్చు. ఒంటరిగా వెళ్లేవాళ్లే ఎక్కువ కాబట్టి దీన్ని మాత్రం సడలించం.

లంగరు గురించి ఒక్క మాట: ముందు కొనకో వెనక కొనకో కట్టండి, పక్కకు ఎప్పుడూ కట్టొద్దు. పక్క నుంచి లాగితే కెరటానికి పడవ బోల్తా పడుతుంది.

సముద్రం కోసమే పదడుగుల మోడల్ బుక్ చేసుకున్నవాళ్లు అడ్వాన్సు వెనక్కి తీసుకోవచ్చు, లేదా పొడవాటిదానికి మార్చుకోవచ్చు. వచ్చేటప్పుడు మీరు పడవలో పెట్టుకునే సామానంతా తీసుకురండి, తూచి చూద్దాం. తడవడానికి సిద్ధపడి రండి.