పాత కీబోర్డుల స్వరాలు నకళ్లు కావు

సంపాదకులకు నమస్కారం.

ఇళ్లలో మూలన పడి ఉన్న పాత ఎలక్ట్రానిక్ సామాన్లను ఎలా వదిలించుకోవాలో వివరిస్తూ మీరు ఇటీవల ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఉబ్బిన బ్యాటరీల గురించి, విరిగిన తెరల గురించి అందులో చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించదగినవే. అయితే పారేయవలసిన వస్తువుల వరుసలో "కాలం చెల్లిన చిన్న కీబోర్డులు" అన్న మాట కనిపించినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ కీబోర్డులను సేకరిస్తూ, విప్పి శుభ్రం చేస్తూ, అన్నిటికన్నా ఎక్కువగా వాటిని వింటూ వచ్చినదానిగా, ఆ మాటకు జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెబుతున్నవి వేదికల మీద వాయించే ఖరీదైన సింథసైజర్లు కావు. 1980లలో, 1990ల మొదట్లో ఇంట్లో వాయించుకోవడానికి తయారైనవి. బ్యాటరీలతో నడిచేవి, స్పీకరు తమలోనే ఉన్నవి, చాలావాటికి పిల్లల వేళ్లకు సరిపోయే సన్నటి కీలు, పైన వరుసగా టోన్ల పేర్లు, రిథమ్ బటన్లు ఉన్నవి. వీటి మీద ఎప్పుడూ వినిపించే ఫిర్యాదు ఒకటే: పియానో అని రాసిన బటన్ నొక్కితే పియానో వినబడదు, వయొలిన్ అని రాసినదాన్ని నొక్కితే వయొలిన్ వినబడదు. ఫిర్యాదు నిజమే. కానీ ఆ పేర్లు కొనేవాళ్లకు దారి చూపడానికి అతికించిన చీటీలు మాత్రమే. చీటీని పక్కన పెట్టి వింటే, ఆ బటన్ వెనుక నుంచి వచ్చేది అంతకు ముందు లోకంలో ఎక్కడా లేని ఒక ధ్వని. దాన్ని చీటీ మీది పేరుతో పోల్చి తక్కువ చేయడం వల్లనే ఈ వాద్యాలకు ఇంతకాలం అన్యాయం జరిగింది.

క్యాసియో సంస్థ నుంచి వచ్చిన తొలి వాద్యం క్యాసియోటోన్ 201. అది 1980లో విడుదలైంది. అప్పటికి ఆ సంస్థకు పేరు తెచ్చినవి లెక్కల యంత్రాలు. వాటి వెనుక ఉన్న కషియో సోదరుల్లో ఒకరైన తోషియో కషియోకు సంగీతమంటే ఇష్టం. వాయించడం నేర్చుకోని వారికి కూడా అనేక వాద్యాల ధ్వనులు అందించాలన్నది ఆయన కోరిక. ఆయన వాద్యాల ధ్వనిని పరిశీలించిన తీరు తెలుగు చదివిన ఎవరికైనా వెంటనే బోధపడుతుంది, ఎందుకంటే ఆయన ప్రతి ధ్వనినీ హల్లుగా, అచ్చుగా విడదీశాడు. మనం "కా" అని దీర్ఘం తీస్తే క్ అనేది కనురెప్పపాటులో ముగిసిపోతుంది, ఆ తరువాత గొంతులో నిలిచేది ఆకారం ఒక్కటే. ఆ మొదటి లిప్తను కోసేసి వినిపిస్తే పలికింది "కా"నో "మా"నో "సా"నో పోల్చుకోవడం కష్టం. వాద్యాలకూ ఇదే వర్తిస్తుంది. పియానోలో సుత్తి తీగకు తగిలిన దెబ్బ, వయొలిన్‌లో కమాను తీగను పట్టుకున్న గరుకుదనం, వేణువులో ఊపిరి తాకిడి, ఇవి హల్లులు. తరువాత సాగే నాదం అచ్చు. హల్లుకు ఒక తరంగం, అచ్చుకు మరొక తరంగం తయారు చేసి, ఒకటి చటుక్కున పుట్టి తగ్గిపోయేలా, రెండోది నిలిచేలా వేర్వేరుగా మలిచి కలపడమే క్యాసియోటోన్ 201 చేసిన పని. ఆ పద్ధతితోనే అందులో 29 టోన్లు ఇమిడాయి.

ఈ సంగతి తెలిసిన తరువాత ఆ కీబోర్డును నేను వినే తీరే మారిపోయింది. ఒక టోన్‌లో హల్లు గట్టిగా ఉండి అచ్చు పలచగా ఉంటుంది, మరొకదానిలో హల్లు దాదాపు లేనట్టే ఉండి అచ్చు మెల్లగా తెరుచుకుంటుంది. రెండు తరంగాలూ మెట్లు మెట్లుగా కోసిన అంకెల తరంగాలే కాబట్టి అంచుల్లో సన్నటి గరుకు మిగులుతుంది. ఆ గరుకును లోపమని కొట్టిపారేసేవారు ఒక్కసారి చీకటి గదిలో కూర్చుని, ఒకే కీ నొక్కి పట్టి, ధ్వని పూర్తిగా ఆరిపోయే వరకు వినాలని నా మనవి.

ఆ తరువాతి కాలపు వీఎల్-1 అనే చేతి పొడవు వాద్యం ఇంకా విచిత్రమైనది. దాని మీద కీలు లేవు, లెక్కల యంత్రానికి ఉండే లాంటి 29 బుడిపెలే ఉన్నాయి. నిజంగానే అది లెక్కలు కూడా చేస్తుంది. అందులో ఎనిమిది అంకెల సంఖ్య ఒకటి మెమరీలో పెడితే, మొదటి అంకె తరంగాన్ని నిర్ణయిస్తుంది, తరువాతివి ధ్వని ఎంత వేగంగా లేవాలో, ఎంత వేగంగా తగ్గాలో, ఏ మట్టంలో ఎంతసేపు నిలవాలో, వేలు తీశాక ఎలా ఆరిపోవాలో, ఎంత కంపించాలో చెబుతాయి. ఒక సంఖ్యను మరొకరికి చెబితే చాలు, మీ స్వరం వారి చేతిలోని వాద్యంలో పలుకుతుంది. దానిలో సిద్ధంగా ఇచ్చిన టోన్లలో పియానో, వయొలిన్, వేణువు, గిటార్ పేర్లతో పాటు ఫాంటసీ అనే పేరు కూడా ఉందన్నది నా వాదానికి చాలా ముఖ్యం. ఊహ అని పేరు పెట్టిన స్వరాన్ని దేనికి నకలు అంటాం? ఏ వాద్యాన్నీ అనుకరించని స్వరానికి ఒక చోటు కేటాయించారంటే, తమ చేతిలో ఉన్నది కొత్త వాద్యమని తయారు చేసినవారికే తెలుసు.

యమహా సంస్థ ఇళ్ల కోసం తెచ్చిన పోర్టాసౌండ్ కీబోర్డుల దారి వేరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అనే స్వరకర్త 1967లో ఒక విషయం గమనించాడు: ఒక తరంగపు కంపనాన్ని మరొక తరంగంతో ఊపుతూ, ఆ ఊపు వేగాన్ని మన చెవికి వినబడే స్థాయికి పెంచితే, ఊపు ఊపుగా వినబడదు, కొత్త ధ్వనిగా మారుతుంది. గంటలా, గాజులా, ఇత్తడిలా మోగే ధ్వనులు రెండు సాధారణ తరంగాల నుంచే పుడతాయి. ఎఫ్‌ఎం అని పిలిచే ఈ పద్ధతిని యమహా తీసుకుని 1983లో డీఎక్స్7 అనే సింథసైజర్‌లో పెట్టింది. అందులో ఒక్కో స్వరానికి ఆరు తరంగాలు కలిసి పనిచేస్తాయి. ఇంటి కీబోర్డులకు వచ్చేసరికి ఖర్చు తగ్గించడానికి వాటిని రెండుకు కుదించారు. రెండు తరంగాలతో నూరు టోన్లు ఇచ్చే పీఎస్‌ఎస్-170 లాంటి కీబోర్డులను డీఎక్స్7 ముందు పెట్టి చిన్నచూపు చూడటం తేలికే. అయినా నా చెవికి ఆ రెండు తరంగాల స్వరాల్లో ఒక నిజాయితీ వినిపిస్తుంది, ఎందుకంటే ఏది దేన్ని ఊపుతోందో వింటూనే చెప్పవచ్చు; ఆరు కలిసినప్పుడు ఆ అమరిక చెవికి దొరకదు.

ఇక 1980ల నడుమ వచ్చిన క్యాసియో ఎస్‌కే-1. అప్పటి వరకు బయటి శబ్దాన్ని పట్టి స్వరంగా మార్చే యంత్రాలు ఎక్కువగా స్టూడియోలకే దక్కేవి. ఎస్‌కే-1 ఆ పనిని 32 చిన్న కీల ప్లాస్టిక్ పెట్టెలోకి, దానిలోనే ఉన్న మైకుతో సహా, తెచ్చింది. 1.4 సెకన్ల శబ్దం, 8 బిట్లు (అంటే ప్రతి కొలతకూ 256 మెట్లే), ఒకేసారి నాలుగు స్వరాలు, ఇంతే దాని శక్తి. శబ్దాన్ని సెకనుకు సుమారు 9,400 సార్లు మాత్రమే కొలుస్తుంది కాబట్టి పైస్థాయి వివరాలన్నీ పోయి, పాత టెలిఫోనులో వినబడినట్టు ఒక మసక వస్తుంది. తలుపు కిర్రుమన్నా, పాప నవ్వినా, చెంచా గిన్నెకు తగిలినా ఆ మసకలో మునిగి, కింది కీల మీద నెమ్మదిగా బరువుగా, పై కీల మీద గబగబా పలుకుతుంది. ఒకే శబ్దానికి ఇన్ని వయసులు ఉంటాయని నాకు నేర్పింది ఆ కీబోర్డే.

స్వరాల తరువాత రిథమ్‌ల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. 1981లో వచ్చిన క్యాసియో ఎంటీ-40లోని రిథమ్‌లను రూపొందించినది హిరోకో ఒకుడా అనే యువతి. ఆమె సంగీత కళాశాలలో జమైకాలో పుట్టిన రెగే సంగీతం మీద పరిశోధన వ్యాసం రాసి, 1980లో ఆ సంస్థలో చేరింది. ఆమె అమర్చిన వాటిలో రాక్ పేరు గల రిథమ్, దాని వెంట నడిచే బేస్ (కింది స్థాయి స్వరాల వరుస) జమైకాలో యువ గాయకుడు వేన్ స్మిత్ చెవిన పడ్డాయి. నిర్మాత కింగ్ జామీ వేగం తగ్గించి దాన్ని 1985లో "అండర్ మీ స్లెంగ్ టెంగ్" అనే పాటగా తెచ్చాడు. వాద్యకారుల బృందం లేకుండా యంత్రం మీదే నిలిచిన ఆ పాట తరువాత జమైకా సంగీతం దిశే మారింది, అదే రిథమ్ మీద వందలాది పాటలు వచ్చాయి. రెగేను ప్రేమించిన ఒకరు జపానులో కూర్చుని అమర్చిన కొన్ని బేస్ స్వరాలు, రాక్ అనే పేరు తగిలించుకుని కూడా, రెగే పుట్టిన నేలకే చేరి అక్కడివారి చెవికి తమవిగా వినిపించాయి. చీటీ మీది పేరు ఎంత తక్కువ చెబుతుందో దీనికన్నా నిదర్శనం నాకు తెలియదు.

ఈ స్వరాలన్నీ రికార్డు చేసి కంప్యూటర్లలో దొరుకుతున్నాయి కదా, పెట్టె ఎందుకు అని అడిగేవారున్నారు. రికార్డింగులు చేసినవారి శ్రమకు నేను కృతజ్ఞురాలిని. కానీ రికార్డు చేసినది ఒక్కో కీకి ఒక్కో శబ్దం, కీబోర్డు మాత్రం ఒక ప్రవర్తన. నాలుగు స్వరాలకే శక్తి ఉన్న పెట్టెలో ఐదో కీ నొక్కితే ఏదో ఒకటి తప్పుకోవాలి. ఏది, ఎంత హఠాత్తుగా తప్పుకుంటుందన్నది ఒక్కో మోడల్‌లో ఒక్కో రకం, దాన్ని బట్టి మన వేళ్లు పాటను మార్చుకుంటాయి. చిన్న స్పీకరు కింది స్వరాలను మింగి మధ్య స్వరాలను ముందుకు తోస్తుంది, బోలు ప్లాస్టిక్ కొన్ని స్వరాలకు తానూ కంపిస్తుంది, ఒడిలో పెట్టుకుంటే ఆ కంపనం మోకాళ్లకు తెలుస్తుంది. పైగా ఆ ధ్వనులకు ప్రాణమైన చిప్‌లలో చాలావాటిని ఆ కీబోర్డుల కోసమే ప్రత్యేకంగా తయారు చేశారు. ఇప్పుడు అవి తయారు కావడం లేదు. ఒక చిప్ కాలిపోతే మరొక మృత కీబోర్డు నుంచి తీసి అతకడం తప్ప దారి లేదు. అందుకే పలకని కీబోర్డును కూడా పారేయవద్దని నేను వేడుకుంటున్నాను.

నిజానికి పలకదనుకున్నవాటిలో చాలావరకు పలుకుతాయి. కొన్ని కీలే మూగబోతే సాధారణంగా కారణం కీ అడుగున ఉన్న రబ్బరు మీది నల్లటి పూతకో, అది తాకే బోర్డుకో పట్టిన దుమ్ము. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి దూదితో మెల్లగా తుడిస్తే చాలు, గీకితే పూత శాశ్వతంగా పోతుంది. ఆల్కలైన్ బ్యాటరీలు కారి లోపలి రేకులు తెల్లగా పొక్కి ఉంటే, ఆ కారినది క్షారం కాబట్టి కొద్దిగా వెనిగర్ అద్ది తుడిచి, తరువాత ఆల్కహాల్‌తో శుభ్రం చేసి ఆరబెట్టాలి. ఏళ్ల తరబడి వాడనిది గరగరమంటే వాల్యూమ్ మీటను చాలాసార్లు అటూ ఇటూ తిప్పి చూడాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అడాప్టర్‌తో. ఆ కాలపు క్యాసియో కీబోర్డుల్లో చాలావాటికి పిన్ను నడుమ రుణ ధ్రువం, యమహావాటికి నడుమ ధన ధ్రువం. పిన్ను సైజు మాత్రం కొన్నిసార్లు రెంటికీ సరిపోతుంది. ఈ తేడా తెలియని తొలి రోజుల్లో, సరిపోతుందని ఒక దుకాణంలో ఇచ్చిన అడాప్టర్‌ను నమ్మి పెట్టి, చక్కగా పలుకుతున్న ఒక ఎంటీ-40ని నా చేతులతోనే మూగది చేశాను. వెనుక ముద్రించిన చిన్న గుర్తును ముందే చూసి ఉంటే అది ఈ రోజుకీ పలికేది. ఆ బాధ ఇప్పటికీ తీరలేదు. దాని విడిభాగాలతో తరువాత మరో రెండు కీబోర్డులు లేచి కూర్చున్నాయన్నదే నాకు మిగిలిన ఓదార్పు.

టోక్యోలో తోషియో కషియో నివసించిన ఇల్లు ఇప్పుడు ఆయన ఆవిష్కరణల మ్యూజియంగా ఉంది. అలాంటివి మరెన్నో కావాలి. సంగీత వాద్యాలను భద్రపరిచే సంస్థలు వీణలకు, పియానోలకు చూపే శ్రద్ధలో కొంత ఇంటి కీబోర్డులకూ చూపాలి. ఈ వాద్యాల మీదనే తొలిసారి వేలు పెట్టి సంగీతం విన్నవారు లెక్కలేనంత మంది ఉంటారు, వారి చెవుల్లో తొలి స్వరంగా నిలిచినది వీటి గొంతే. మీ పత్రిక కూడా పారేయవలసిన వస్తువుల జాబితాను మళ్లీ ప్రచురించే సందర్భంలో, ఈ కీబోర్డులను అందులోంచి తొలగించి, మరమ్మతు చేయగలవారికి లేదా నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఇవ్వవలసినవిగా వేరుగా సూచించాలని కోరుతున్నాను.

ఈ ఉత్తరం చదివేవారి ఇంట్లో అలాంటి కీబోర్డు ఒకటి ఉంటే, ఈ రోజే వెనుక మూత తీసి పాత బ్యాటరీలను బయటకు తీసేయండి. కొత్తవి పెట్టి, రిథమ్‌లన్నీ ఆపి, మీకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించే పేరున్న టోన్‌ను ఎంచుకుని ఒక్క కీ నొక్కి పట్టండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు